పేద నేలలో, పాడైన మట్టిలో చెట్టును నిలబెట్టడం: కోరాపుట్, రాయగడ, గజపతి ప్రాంతాల వారికి సమగ్ర మార్గదర్శి

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, జయపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి కాస్తో కూస్తో కొండవాలు భూమి ఉంటుంది. ఎర్రటి కంకర నేల, పైన జానెడు మట్టి, కింద రాయి. అక్కడ మొక్క నాటేటప్పుడు అందరూ చేసేది ఒకటే: గుంత తీయడం, గుప్పెడు డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న కరిగే ఎరువు) వేయడం, నీళ్లు పోయడం. మొదటి ఏడాది మొక్క పచ్చగా లేస్తుంది. రెండో వేసవిలో ఎండిపోతుంది.

పేద నేలలో బతకడానికి చెట్టుకు తనవైన పద్ధతులు ఉన్నాయి. వేరు ఆమ్లాలను ఊరించి రాతిలో చిక్కుకున్న భాస్వరాన్ని విడిపిస్తుంది. శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకుంటుంది. గాలిలోని నత్రజనిని వేరు మీది బుడిపెల్లో పట్టిస్తుంది. విషాన్ని లోపలికి రానివ్వదు, వచ్చినదాన్ని ఒక మూలన కట్టడి చేస్తుంది. కరిగే ఎరువు గుంతలో ఎక్కువగా పడితే ఈ పనుల్లో చాలావాటిని వేరు మానేస్తుంది. అప్పటికి పచ్చగా కనిపిస్తుంది కానీ, ఎరువు అయిపోయిన రోజున దానికి వేరే దారి ఉండదు. అందుకని ఈ మార్గదర్శి అంతటా నేను పట్టుబట్టేది ఒకటే. మీ నేలలో వేరు చేయాల్సిన పని ఏమిటో ముందు కనుక్కోండి, ఆ పని చేతనైన చెట్టును ఎంచుకోండి, దాని పనికి అడ్డు రాకండి.

1. గునపం పట్టకముందు నేల మీద ఉన్నవి చూడండి

కోరాపుట్ జిల్లాలో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంత వాన పడే చోట నేల బోడిగా ఉందంటే కారణం నీళ్లు కాదు, మట్టి. దామన్‌జోడి దగ్గరి పంచపట్మలి లాంటి బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) కొండలను గమనించండి. పైన చదునుగా ఉన్న చోట ఎక్కువగా గడ్డే ఉంటుంది, చెట్లన్నీ వాలుల్లో, వాగుల వెంట ఉంటాయి. పైభాగాన పోషకాలన్నీ వానకు కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల గట్టి పెచ్చు మిగిలింది. కొట్టుకువచ్చిన మట్టి చేరేది వాలుల్లో.

మీ భూమిలో బందారు, తంగేడు, వెంపలి గుబురుగా ఉంటే అది పోషకాలు తక్కువైన, పొడి కంకర నేల. అయినా వేరుకు ప్రాణాంతకం కాదు. చుట్టూ పచ్చగా ఉండి ఒక్క చోట సర్కారు తుమ్మ, జిల్లేడు తప్ప ఏమీ లేకపోతే ఉప్పో క్షారమో అని అనుమానించాలి. అవి కూడా లేకుండా నేల బోడిగా ఉంటే పరీక్ష చేయించే వరకు అక్కడ ఏదీ నాటవద్దు.

పోడు కొట్టి వదిలేసిన చేను అయితే ఇంకా జాగ్రత్తగా చూడండి. పైకి అడవి పోయినట్టే కనిపిస్తుంది, కింద వేళ్లు బతికే ఉంటాయి. తునికి వేళ్ల నుంచి పిలకలు వేస్తూనే ఉంటుంది. మద్ది, ఇప్ప నరికిన మోడు నుంచి చిగురిస్తాయి. గుగ్గిలం (సాల్) మొక్క మరీ చిత్రమైనది. కొన్నేళ్లపాటు దాని కాండం ప్రతి ఎండాకాలం ఎండిపోతుంది, వాన పడగానే మళ్లీ మొలుస్తుంది. ఆ ఏళ్లన్నీ అది వేరును బలపరచుకుంటూ ఉంటుంది. తగినంత నిల్వ చేరాక కాండం ఇక ఎండిపోకుండా పైకి లేస్తుంది. అలాంటి మోడులు, పిలకలు ఉన్న చోట కొత్త మొక్క కొనవద్దు. ఒక్కో మోడుకు రెండు మూడు బలమైన పిలకలను ఉంచి మిగతావి తీసేయండి. మేకలు రాకుండా కంప వేయండి, నిప్పు రాకుండా చుట్టూ గడ్డి చెక్కి బాట తీయండి. సిద్ధంగా ఉన్న వేరు ముందు నర్సరీ మొక్క ఏనాటికీ సాటి రాదన్నది నా గట్టి నమ్మకం.

2. మీటరు లోతు గుంత తీసి వేళ్లను చదవండి

ఏదైనా చెట్టుకో పొదకో రెండడుగుల దూరంలో, వేళ్లు కనిపించేలా, మీటరు లోతు గుంత తీయండి. వేళ్లు నిలువుగా దిగి ఒక లోతులో హఠాత్తుగా అడ్డంగా తిరిగాయా? అక్కడ గట్టి పొరైనా ఉండాలి, కింది మట్టి విషపూరితమైనా అయి ఉండాలి. గునపంతో పొడవండి. దిగకపోతే గట్టి పొర. సులువుగా దిగి కూడా వేళ్లు వెళ్లలేదంటే కారణం రసాయనికమైనది.

సన్న వేళ్ల కొసలను నీళ్లలో కడిగి అరచేతిలో పెట్టుకుని చూడండి. తెల్లగా, పొడుగ్గా, బాగా కొమ్మలు వేసి ఉంటే మంచిది. పొట్టిగా, లావుగా, గోధుమరంగుతో, కొమ్మలు లేకుండా మొద్దుబారి ఉంటే అది అల్యూమినియం దెబ్బ. మన ఎర్రనేలల్లో తరచుగా కనిపించే లక్షణం ఇదే.

బుడిపెలు ఉంటే ఒకటి గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే అవి నత్రజని పట్టే పనిలో ఉన్నాయి. ఆకుపచ్చగానో బూడిద రంగుగానో ఉంటే పని ఆగిపోయింది. చిక్కుడు జాతి చెట్లన్నిటికీ బుడిపెలు ఉంటాయనుకోవద్దు. తంగేడు, సీమ తంగేడు, రేల బుడిపెలు వేయవు. నత్రజని కోసమని సీమ తంగేడు నాటితే ఆకు రాలుతుంది, నీడ వస్తుంది, నత్రజని మాత్రం రాదు.

చివరగా గుంతను నీళ్లతో నింపి వదిలేయండి. మర్నాటికీ నీళ్లు నిలిచి ఉంటే వేరుకు గాలి అందదు. ఆ చోటు కానుగకు వదిలేయండి.

3. మట్టి పరీక్ష

చెట్ల కోసం పైమట్టి ఒక్కటే సరిపోదు. 0–30, 30–60, 60–90 సెంటీమీటర్ల లోతుల నుంచి వేర్వేరుగా మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, అర కిలో చొప్పున సంచుల్లో వేయండి. కోరాపుట్ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం సెమిలిగుడలో, రాయగడ జిల్లాది గుణుపూర్‌లో ఉన్నాయి. ఫలితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. ముందుగా పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పేది), సేంద్రియ కర్బనం, ఈ మూడు వరుసలు చూడండి.

ఇంట్లో అంచనాకు పీహెచ్ కాగితం చాలు. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల స్వేదనజలం కలిపి, అరగంట పాటు మధ్యమధ్యలో కలియబెట్టి, తేట మీద కాగితం ముంచండి. 5.5 కంటే తక్కువైతే కింది వివరణలో మొదటి భాగం మీది. 8.5 దాటితే రెండోది.

భూసార కార్డు పథకం 2015లో మొదలైంది. అందులో పరీక్షించేవి 12 అంశాలు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వాటిలో లేవు. కర్మాగారం బూడిద, మురుగునీరు, పాత బ్యాటరీల చెత్త చేరిన నేల అయితే ఆ లోహాల పరీక్షను విడిగా అడగాలి. కార్డు బాగుంది కదా అని ధైర్యపడవద్దు.

4. మీ నేలలో వేరు చేయాల్సిన పని

*ఆమ్ల ఎర్రనేల.* మన ప్రాంతంలో అసలు సమస్య ఇదే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

పీహెచ్ 5.5 కంటే తగ్గితే మట్టిలోని అల్యూమినియం కరగడం మొదలవుతుంది, 5 కంటే తగ్గితే బాగా ఎక్కువవుతుంది. అది వేరు కొసలో కణాల పెరుగుదలను ఆపేస్తుంది. మరోవైపు ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. నేలలో భాస్వరం ఉన్నా వేరుకు అందదు. మీరు వేసిన డీఏపీలో చాలా భాగం కొద్ది వారాల్లో ఇలాగే చిక్కుకుపోతుంది.

చెట్లు దీనికి రకరకాల దారులు కనుక్కున్నాయి. చాలా చెట్ల వేరు కొసలు సిట్రేట్, మాలేట్, ఆక్సలేట్ లాంటి సేంద్రియ ఆమ్లాలను ఊరిస్తాయి. అవి అల్యూమినియాన్ని చుట్టి నిరపాయంగా మారుస్తాయి, భాస్వరాన్ని విడదీస్తాయి. రాయగడ రైతులు కాగితం మిల్లు కోసం పెంచే నీలగిరిలో ఒక జాతి అల్యూమినియాన్ని వేరులోనే ఒక రకమైన టానిన్‌తో బంధిస్తుంది. తేయాకు మొక్క అయితే దాన్ని పైకి తీసుకుపోయి ముదురు ఆకుల్లో దాచి రాల్చేస్తుంది.

కాఫీ తోటల్లో నీడకు, మిరియం తీగకు వేసే సిల్వర్ ఓక్ పద్ధతి నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా ఉంటుంది. దాని సన్న వేళ్లు నేల పైపొరలో, ఆకు చెత్త కింద, సీసాలు కడిగే బ్రష్షులా గుత్తులుగా వస్తాయి. ఒక్కో గుత్తి కొద్ది వారాలే బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా ఆమ్లాన్ని వదిలి చుట్టూ ఉన్న భాస్వరాన్ని లాగేస్తుంది. కాబట్టి సిల్వర్ ఓక్ మొదలు చుట్టూ లోతుగా గొప్పు తవ్వకూడదు, ఆకు చెత్త ఊడ్చి తగలబెట్టకూడదు. భాస్వరం ఎరువు అసలే వద్దు. ఈ కుటుంబపు చెట్లకు భాస్వరం ఎక్కువైతే హాని కూడా జరుగుతుంది.

మిగతా చెట్లలో చాలావరకు మైకోరైజా అనే శిలీంధ్రాల మీద ఆధారపడతాయి. శిలీంధ్రపు పోగు వేరు కంటే ఎంతో సన్నం కాబట్టి వేరు దూరలేని సందుల్లోకి వెళ్లి భాస్వరం, నీరు తెచ్చిపెడుతుంది. బదులుగా చెట్టు చక్కెర ఇస్తుంది. గుగ్గిలానికి ఈ పొత్తు లేనిదే పెరుగుదల లేదు. భాస్వరం పుష్కలంగా దొరికితే చెట్టు ఈ పొత్తును తగ్గించేస్తుంది.

ఈ నేలకు నేను సూచించేవి జీడిమామిడి, సిల్వర్ ఓక్, ఉసిరి, మద్ది. గుగ్గిలం పాత అడవి ఆనుకుని ఉన్న చోట మాత్రమే. పొదల్లో వెంపలి, బందారు. నీలగిరి బాగా వస్తుంది, కాదనను. కానీ ప్రతి కోతతో నేలలోని కాల్షియం, భాస్వరం లారీ ఎక్కి వెళ్లిపోతాయి. దాని బెరడులో కాల్షియం బాగా ఉంటుంది కాబట్టి బెరడును చేనులోనే ఒలిచి, ఆకులతో సహా అక్కడే పరవండి.

*క్షార నేల, బూడిద, ఎర్ర బురద.* బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా తీశాక మిగిలేది ఎర్ర బురద. దాని పీహెచ్ 10 నుంచి 12 పైదాకా ఉంటుంది, నిండా సోడియం. మట్టి రేణువులు విడిపోయి గట్టిపడతాయి, నీళ్లు, గాలి దిగవు. అంతటి క్షారాన్ని నేరుగా తట్టుకునే చెట్టు లేదు. బురద చెరువుల మీద మొక్కలు నాటడం ఇంజనీర్ల పర్యవేక్షణలో జరగాల్సిన పని. మన చేతిలో ఉన్నది దుమ్మో నీరో చేరి పీహెచ్ 9 దగ్గరకు వచ్చిన పక్క పొలం. అక్కడ జిప్సం ముందు. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తప్పించి దాని చోటు తీసుకుంటుంది, వాన ఆ సోడియాన్ని కడిగేస్తుంది. నీరు బయటికి పోయే కాలువ లేకపోతే జిప్సం వేసినా వృథా. మోతాదు పరీక్ష ఫలితాన్ని బట్టి అడిగి తెలుసుకోండి. ఒక వానాకాలం గడిచాక కానుగ, సరుగుడు, నల్లతుమ్మ వేయండి.

బొగ్గు బూడిదలో నత్రజని దాదాపు ఉండదు, బోరాన్, ఆర్సెనిక్ లాంటివి ఉండవచ్చు. బూడిద మీద కనీసం అడుగు మందం మంచి మట్టి కప్పాకే నాటాలి. సొంతంగా నత్రజని పట్టేవాటినే ముందు వేయాలి. కానుగ, శిశు, దిరిసెన రైజోబియం అనే బాక్టీరియాతో పట్టిస్తాయి. సరుగుడు ఫ్రాంకియా అనే వేరే జీవితో. సుబాబుల్ కూడా పట్టిస్తుంది కానీ విత్తనం రాల్చి చుట్టూ ఆక్రమిస్తుంది. పక్కన అడవి ఉంటే వద్దు.

*లోహాలు.* సీసం, కాడ్మియం, నికెల్ లాంటివాటి దగ్గర చెట్లు రెండు దారులు పడతాయి. ఎక్కువ చెట్లు లోహాన్ని వేరు గోడల్లోనే ఆపుతాయి. కొన్ని లోపలికి తీసుకుని, ఫైటోకీలేటిన్లు అనే చిన్న ప్రోటీన్ ముక్కలతో కట్టి, కణంలోని రిక్తిక అనే సంచిలో బంధిస్తాయి. దూరాన పసిఫిక్ సముద్రంలోని న్యూకలెడోనియా దీవిలో పిక్నాండ్రా అనే చెట్టుంది. దాని పాలు నీలి ఆకుపచ్చ రంగులో కారతాయి, ఆరిన పాలల్లో నాలుగో వంతు దాకా నికెలే. అలాంటి చెట్టు మన దగ్గర లేదు. చెట్లు నాటితే నేల శుభ్రమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మన చెట్లు చేయగలిగింది దుమ్ము లేవకుండా, మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచడం. అదే పెద్ద మేలు. అందుకు లోహాన్ని వేరులోనే ఆపే చెట్లు కావాలి, ఆకులోకి పంపేవి కాదు.

*ఉప్పు ఇసుక.* గంజాం తీరం వారికి ఒక్క మాట. సరుగుడు ఉప్పు గాలిని తట్టుకుంటుంది. అయితే రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీదికి దాన్ని తీసుకురాకండి.

5. నారు పెంచడం

గుగ్గిలం విత్తనం వానకు ముందు రాలుతుంది, కొద్ది రోజుల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. ఏరిన రెండు మూడు రోజుల్లోనే విత్తండి. సంచి మట్టిలో ఆరోగ్యంగా ఉన్న తల్లి చెట్టు కింది మట్టిని ఓ గుప్పెడు కలపండి. శిలీంధ్రం అందులో ఉంటుంది. మురుగు చేరిన చోటి మట్టి, తెగులు పట్టిన చెట్టు కింది మట్టి మాత్రం వాడవద్దు. సరుగుడుకైతే పెద్ద చెట్టు వేరు బుడిపెలను కడిగి, నూరి, నీళ్లలో కలిపి నారు మీద పోయండి. కానుగకు కానుగ కింది మట్టే మేలు.

శ్రీగంధం పక్క మొక్కల వేళ్లకు తన వేరును అతికించి పోషకాలు తీసుకుంటుంది. సంచిలోనే కంది మొక్కను తోడు వేయండి. పొలంలో పక్కనే కానుగో సరుగుడో ఉండాలి.

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చుకునేవారు ఒకటి చూసుకోవాలి. నల్లటి సారవంతమైన మట్టిముద్దతో ఎర్ర కంకరలో పెడితే వేరు ఆ ముద్దలోనే తిరుగుతూ ఉంటుంది, బయటికి రాదు. సంచి విప్పాక ముద్ద అంచులను వేళ్లతో వదులు చేయండి, అడుగున చుట్టలు తిరిగిన వేళ్లను కత్తిరించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. అంతటి గాలికి మంచి వేరున్న చెట్టూ పడుతుంది. వేరు చుట్టుకున్న చెట్టు పడటానికి అంత గాలి కూడా అక్కర్లేదు.

పొడుగాటి మొక్కలు అడగవద్దు. అడుగు, అడుగున్నర ఎత్తున్న, మొదలు లావుగా ఉన్న మొక్క పేద నేలలో గట్టిగా నిలుస్తుంది.

6. గుంత, నాటడం

గుంతలు ఏప్రిల్, మే నెలల్లో తీసి ఎండకు వదలండి. 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు చాలు. రాతి పొర ఉంటే 60 సెంటీమీటర్లు తీసి, అడుగున గునపంతో పగుళ్లు వచ్చేదాకా పొడవండి. వేరు ఆ పగుళ్ల వెంట దిగిపోతుంది. గుంత గోడలు నున్నగా ఉండకూడదు. వాలులో అయితే గుంతకు దిగువన అర్ధచంద్రాకారంలో కట్ట వేయండి.

గుంత మొత్తాన్ని ఎరువు మట్టితో నింపవద్దు. తవ్విన మట్టినే, పైమట్టి అడుగున పడేలా తిరిగి నింపి, బాగా చివికిన పశువుల పెంట రెండు మూడు కిలోలు మాత్రం కలపండి. పీహెచ్ 5 కంటే తక్కువైతే నాటడానికి మూడు వారాల ముందు వంద గ్రాముల వ్యవసాయ సున్నపు పొడి కలపండి. కాగితం మిల్లుల సున్నపు మడ్డిని ఒడిశా ఆమ్ల నేలల్లో వాడుతుంటారు. అది పరీక్షించినదేనా అని అడిగి తీసుకోండి. భాస్వరం తప్పనిసరి అనిపిస్తే డీఏపీ బదులు రాతి ఫాస్ఫేటు 50 గ్రాములు. ఆమ్ల నేలలో అది నెమ్మదిగా కరుగుతుంది, వేరు తన పని మానదు. సిల్వర్ ఓక్‌కు ఇదీ వద్దు.

వాన నిలకడగా పట్టాక, జూన్ చివర, మబ్బు పట్టిన రోజున నాటండి. చుట్టూ నాలుగంగుళాల మందం ఆకు, గడ్డి పరిచి, కాండానికి తగలకుండా జానెడు ఖాళీ ఉంచండి. చెట్ల మధ్య కందో వెంపలో చల్లండి.

7. మొదటి మూడేళ్లు

ఎత్తు చూసి కంగారుపడవద్దు. పేద నేలలో చెట్టు తన ఆహారంలో ఎక్కువ భాగాన్ని వేరుకు పంపుతుంది. ఆకులను చిన్నవిగా, మందంగా చేసుకుని ఎక్కువ కాలం ఉంచుకుంటుంది. ఆకు రాలే ముందు అందులోని నత్రజని, భాస్వరంలో దాదాపు సగాన్ని కొమ్మల్లోకి వెనక్కి తీసుకుంటుంది. మిగతా సగం రాలిన ఆకులో ఉంది కాబట్టి దాన్ని కాల్చకండి. మొదలు లావెక్కుతోందా, ఏటా కొత్త చిగురు వస్తోందా, అది చూడండి. ఎండినట్టున్న కొమ్మను గోటితో గీకి, లోపల పచ్చగా ఉంటే ఆగండి.

ముదురు ఆకులు పసుపెక్కితే నత్రజని లోటు, ఆకు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం లోటు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే పీహెచ్ ఎక్కువై ఇనుము అందడం లేదు. ఆకు అంచులు మాడితే ఉప్పు కావచ్చు. మందు కొనేలోగా ఒక వేరు తవ్వి చూడండి. ఆకు చెప్పేదానికంటే వేరు చెప్పేది నమ్మదగినది.

8. పాడైన నేలలో పండినది తినే విషయం

లోహాలు ఎక్కువగా ఆకులో, బెరడులో, వేరులో చేరతాయి, పండులో సాధారణంగా తక్కువ. అందువల్ల అనుమానం ఉన్న నేలలో ములగ, కరివేపాకు, ఆకుకూరలు, దుంపలు వేయవద్దు. ఆ చెట్ల ఆకును మేకలకు కోయవద్దు, కూరగాయల మడికి ఎరువుగా వేయవద్దు, ఆ బెరడుతో కషాయం కాయవద్దు. అక్కడి ఆకు చెత్త అక్కడే కుళ్లనివ్వండి. లోహాల పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా ఆ భూమిని కలపకు, నీడకు, కానుగ గింజల నూనెకు మాత్రమే ఉంచుకోండి. నూనె తీశాక మిగిలిన కానుగ పిండిని కూడా ఇంటి పెరటికి తేకుండా అదే చెట్ల మొదళ్లలో వేయండి.